నీలం పెట్టె

ఆసుపత్రి మందుల స్టోరులో ఇంజెక్షన్ల పెట్టె ఒకటి మాయమైంది. స్టోరుకి తాళంచెవులు రెండే. ఒకటి అటెండరు దగ్గర, రెండోది అక్కడే నర్సుగా చేస్తున్న అతని కూతురి దగ్గర.

ఎస్సై పొద్దుటి నుంచి స్టేషన్లో అటెండరు మీద అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. అటెండరు నోట "నాకు తెలీదు సార్" తప్ప మరో ముక్క రాలేదు.

"నువ్వు కాస్త పక్కకి జరుగు" అంటూ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆయనకు మాటంటే సరుకు. తూచి ఇస్తాడు, తూకం చూసి పుచ్చుకుంటాడు. మంచినీళ్ళు తెప్పించి, కుర్చీ లాక్కుని అటెండరు పక్కనే కూర్చున్నాడు.

"ఎన్నేళ్ళ సర్వీసు బాబాయ్?"

"ముప్ఫై ఒకటి సార్. ఇంకో నాలుగు నెలల్లో రిటైరు."

"ఇన్నేళ్ళలో మాట పడి ఎరగరు. ఫ్రిజ్‌లో పై అర, నీలం పెట్టె. ఏదో అవసరం పడి ఉంటుంది. మనిషన్నాక పడుతుంది."

"నేను తీయలేదు సార్."

"సరే, నమ్ముతాను. ఇక మీ అమ్మాయినే పిలిపించి అడగాలి."

అటెండరు గ్లాసు కింద పెట్టేశాడు.

"నేనే తీశాను. పై అరలో నీలం పెట్టె. కాలువలో పారేశాను. మా అమ్మాయిని మాత్రం ఇక్కడికి పిలవకండి సార్, తల కొట్టేసినట్టుంటుంది."

ఇన్‌స్పెక్టరు అదంతా కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకున్నాడు.

"చూశావా? నీ అరుపులకి మూడు గంటలు, నా మంచినీళ్ళకి పది నిమిషాలు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"రేపట్నుంచి లాఠీ మానేసి కూజా పట్టుకొస్తా సార్" అన్నాడు ఎస్సై.

అప్పుడే ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. మొన్న ఫ్రిజ్ కడిగేటప్పుడు పెట్టెలన్నీ ఒక వార్డు ఫ్రిజ్‌లోకి మార్చారట. ఒకటి తిరిగి తేవడం మరిచిపోయారు. సీలు కూడా విప్పలేదు. పొద్దుటి నుంచి వార్డు వార్డూ గాలించి పట్టుకున్నది అటెండరు కూతురే.

ఇన్‌స్పెక్టరు కాగితం మళ్ళీ చదివాడు. పై అర. నీలం పెట్టె. అన్నీ తన నోటి మాటలే. తానిచ్చిన సరుకునే తిరిగి కొనుక్కున్నాడు. ఎస్సై మొహం చూడలేక కాగితం చింపేశాడు.

"క్షమించండి బాబాయ్. పెట్టె మీ అమ్మాయే వెతికి పట్టుకుంది. మిమ్మల్ని తీసుకెళ్ళడానికి వస్తోందట. లేవండి."

అటెండరు లేవలేదు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"దాంతో ఏమని చెప్పను సార్... అదే తీసిందనుకుని కదా నేను ఒప్పుకున్నది!"