తడి ఏడాదా, పొడి ఏడాదా?

యుమ్నా నోరు తెరిచింది. మాట రాలేదు.

కరీంనగర్‌లో యూనివర్సిటీ హాలు నిండిపోయింది. ఆమె పీహెచ్‌డీకి ఇదే ఆఖరి పరీక్ష, అందరి ముందూ వైవా. ముందు వరుసలో, పరీక్ష చేయడానికి వచ్చిన ప్రొఫెసర్ గడియారం చూసుకున్నాడు. పక్కనే ఉన్న గైడు మమతారాణి కుర్చీ అంచుకు జరిగింది. పోయిన సెమినార్‌లోనూ ఈ పిల్ల ఇలాగే బిగుసుకుపోయింది. ఇవాళ కూడా నోరు పెగలకపోతే ఆరేళ్ల చదువు నీళ్లపాలే.

“కడెం నదిలో పారిన నీళ్లను బట్టి... ఏది తడి ఏడాది, ఏది పొడి ఏడాది అని... తేల్చే పద్ధతులు...” యుమ్నా తల దించుకుంది.

వెనక వరుసలో ఒక పసుపు చొక్కా లేచింది. వైవాలో ఎవరైనా అడగొచ్చు. మామూలుగా ఎవరూ అడగరు. సమోసాల కోసం ఓపిగ్గా కూర్చుంటారు.

“జర ఆగుండ్రి మేడం. సగటు కన్న ఎక్కువ పారితే తడి, తక్కువ పారితే పొడి. గింత దానికి గిన్ని పద్ధతులెందుకు? పని లేకనా?”

హాలు గొల్లున నవ్వింది. మమతారాణికి ఒళ్లు మండింది. ఎవడీ మనిషి?

యుమ్నా తలెత్తింది. ముక్కుపుటాలు అదిరాయి.

“ఎందుకా? పదిమంది పొట్టోళ్ల నడుమ మీ అసొంటి తాటిచెట్టు ఒకటి నిలబడితే సగటు ఎత్తు పెరుగుతది. అయితే మిగిలినోళ్లంత కుంగిపోయిన్రా? ఒక్క పెద్ద వరద సగటును పైకి గుంజితే మంచి ఏండ్లు గూడ పొడి ఏండ్ల లెక్కనే కనిపిస్తయి. అందుకే ఏండ్లన్నిటిని వరుసల నిలబెట్టిన. పై పావు వంతు తడి, కింది పావు వంతు పొడి!”

“గట్లయితే ఏటా కరువే వచ్చినా పావు వంతు తడి ఏండ్లే అయితయి గద! మంచిగున్నది నీ లెక్క!”

మేడం కాస్తా ‘నీ’ అయింది. మమతారాణి పళ్లు కొరికింది. ప్రొఫెసర్ మాత్రం కలం కింద పెట్టాడు. తను దాచుకున్న ప్రశ్న అదే.

“పూర్తిగ వినుండ్రి!” యుమ్నా బల్ల చరిచింది. “పాత ముప్పై ఏండ్లను కొలతగ పెట్టుకున్న. కొత్త ఏండ్లను దాంతోటి పోల్చిన. కరువొస్తే కరువనే చెప్తది నా లెక్క!”

ఇక ఆమెను ఆపడం ఎవరి తరమూ కాలేదు. పసుపు చొక్కా ఒకటంటే ఆమె పది అంది. కడెం గేట్లన్నీ ఒక్కసారే ఎత్తినట్టుంది. చివరికి ప్రొఫెసరే లేచి చప్పట్లు కొట్టాడు. “డాక్టర్ యుమ్నా!” అన్నాడు.

సంబరం సంబరమే, కోపం కోపమే. మమతారాణి పసుపు చొక్కాను సమోసాల దగ్గర పట్టుకుంది.

“ఏమయ్యా, నలుగురిల ఆడపిల్లను గట్ల సతాయిస్తరా? సిగ్గనిపియ్యలే?”

ఆ పొడుగాయన తలొంచుకున్నాడు. చొక్కా చెమటకు తడిసి ముద్దయింది.

“ఏమనకుండ్రి మేడం,” అంది యుమ్నా, అతని చేతిలోని సమోసాలో సగం తుంచుకుంటూ, “కొట్లాడితే తప్ప నాకు నోరు లేవదని మా ఆయనకు నిఖా అయిన తెల్లారే తెలిసిపోయింది.”