మీదేనేటి బాబూ?

సైరన్ ఆగిన కాసేపటికి తలుపు చప్పుడైంది.

వీరేంద్ర గిటారు పక్కన పెట్టి, విసుక్కుంటూ తలుపు తీశాడు.

నాలుగంతస్తులు ఎక్కొచ్చిన ముసలాయన గోడ పట్టుకుని ఆయాసపడుతున్నాడు. భుజం మీద తడి తువ్వాలుంది.

"ఇప్పుడు మోగింది మీదేనేటి బాబూ?"

"నాదే. ఏం?"

ముసలాయన గుమ్మంలోనే నిలబడి, ముక్కు ఎగబీల్చి గాలి వాసన చూశాడు. తలూపి, దగ్గుకుంటూ మెట్లు దిగిపోయాడు.

పిచ్చివాడనుకున్నాడు వీరేంద్ర.

నిజానికి ఆ సైరన్ అతనిది కాదు. హార్బర్ వెనక, వాళ్ల అపార్ట్‌మెంట్‌కి ఎదురుగా ఉన్న ఐస్ ఫ్యాక్టరీది. ఐస్ గడ్డకట్టించే అమోనియా గ్యాస్ లీకైతే జనాన్ని హెచ్చరించడానికి పెట్టారు. ఒకసారి పరీక్షకని మోగించినప్పుడు వీరేంద్ర దాన్ని ఫోన్‌లో రికార్డు చేసి, తన పాటలో పెట్టుకున్నాడు.

అతను చేసేది ప్రోగ్రెసివ్ రాక్. అంటే ఒక్కో పాట ఇరవై నిమిషాలు సాగుతుంది, దారిలో తాళం మారిపోతుంది, పల్లవి కోసం ఎదురుచూసేవాళ్లు నిద్రపోతారు. గిటారు, కీబోర్డు, డ్రమ్స్, గొంతు, అన్నీ అతనివే. ఇంకో మనిషి ఉంటే వాడి మాట కూడా వినాల్సి వస్తుందని అతని బాధ.

పోర్టులో పనిచేసిన తండ్రి నావికుల దగ్గర కొనుక్కొచ్చిన విదేశీ కేసెట్లు ఒక చెవినా, వీధి చివర జముకు వాద్యం మీద చెప్పే జముకుల కథ ఇంకో చెవినా వింటూ పెరిగాడు. ఆ రెండూ కలిసే చోటు కోసం మధురవాడలో ఉద్యోగం కూడా వదిలేశాడు. ఇన్నాళ్లకి ఆ చోటు సైరన్‌లో దొరికింది. పైకి లేచి కిందికి జారే ఆ కూత మీద జముకు దరువు ఏడు మాత్రల్లో కూర్చునేసరికి అతని ఒళ్లు గగుర్పొడిచింది.

ఈ పాట పూర్తయితే ఆర్కే బీచ్‌లో వేదిక మీద వాయిస్తాడు. కాకపోతే మళ్లీ ఉద్యోగమే.

హెడ్‌ఫోన్స్‌లో వింటే సైరన్ బరువు తెలియదు. అందుకని కిటికీలు తెరిచి, పెద్ద స్పీకర్లలో రోజూ మోగించేవాడు. రోజూ ముసలాయన వచ్చేవాడు. అదే ప్రశ్న అడిగి, అలాగే వాసన చూసి వెళ్లేవాడు.

ఒకరోజు వీరేంద్ర కిటికీలోంచి చూశాడు. కింద గుడిసెల వాళ్లంతా పిల్లల్ని చంకనేసుకుని రోడ్డు మీద నిలబడి ఇటే చూస్తున్నారు.

తన పాటకి వినేవాళ్లు దొరికారని అతనికి చాలా సంతోషమేసింది.

ముసలాయన మాత్రం రానురాను భయపెట్టసాగాడు. ఆ ఎర్రటి కళ్లు, ఆ వాసన చూడ్డం, తలుపు సందులోంచి లోపలికి చూడ్డం. దొంగతనానికి దారి చూసుకుంటున్నాడేమోనని అపార్ట్‌మెంట్ సెక్రటరీ అచ్యుతరామయ్యగారితో చెప్పాడు. ఆయన వాచ్‌మన్ సన్యాసిరాజుని పిలిచి, ఆ మనిషిని గేటు దాటనివ్వొద్దన్నాడు.

"ఆయన ఎల్లారావండి, గుడిసెల్లో ఉంతాడు" అని సన్యాసిరాజు ఇంకేదో చెప్పబోయాడు. వినే ఓపిక ఎవరికీ లేకపోయింది.

ఆ తర్వాత తలుపు చప్పుడు లేదు. పాట ఊపందుకుంది.

చివరి టేకు ఆదివారం మధ్యాహ్నం మొదలెట్టాడు. కిటికీలు మూసి, తలుపు సందుల్లో ఫోమ్ కుక్కి, మైకులు తెరిచి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని డ్రమ్స్ ముందు కూర్చున్నాడు.

సైరన్ తను పెట్టిన చోటుకి ముందే వచ్చింది.

ఎక్కడో పొరపాటు చేశాననుకున్నాడు. కానీ ఆ పొరపాటే బాగుంది. ఆపకుండా వాయించాడు.

అంతలో తలుపు దబదబ మోగింది. గేటు కాపలా ఏమైందోనని వీరేంద్రకి ఒళ్లు మండింది.

"నాదే. వెళ్లు" అని అరిచి, దరువు పెంచాడు.

తలుపు ఇంకాసేపు మోగి ఊరుకుంది.

పాట ముగిసింది. అతను హెడ్‌ఫోన్స్ తీశాడు. సైరన్ ఇంకా మోగుతూనే ఉంది.

కళ్లు భగ్గున మండాయి. గొంతు పట్టేసింది. తలుపు తీస్తే గొళ్లేనికి తడి తువ్వాలు కట్టి ఉంది. దాన్ని మొహానికి చుట్టుకుని మెట్ల మీద పరిగెత్తాడు. అన్ని అంతస్తుల్లోనూ తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఎవరూ లేరు.

రెండో అంతస్తు మెట్ల మలుపులో ఎల్లారావు పడి ఉన్నాడు. చొక్కా అంచు ముక్కుకి అదుముకుని ఉన్నాడు.

మోసుకెళ్లి ఆసుపత్రికి చేర్చేసరికే ఆయన ప్రాణం పోయింది.

పరిగెత్తుకొచ్చిన మనిషిని, బాబుగారి పాటేలే పొమ్మని గేటు దగ్గర తానే ఆపానని సన్యాసిరాజు ఏడ్చాడు. ఆయన వెనక్కి తిరిగెళ్లి, వెనక గోడ దూకి, ఇంటింటి తలుపూ కొట్టాడట.

వీరేంద్ర ఆ టేకు విన్నాడు. సైరన్ కింద తలుపు చప్పుడుంది. "నాదే. వెళ్లు" అన్న తన గొంతుంది. దాని వెనక దగ్గుతూ ఇంకో గొంతుంది.

"మీది కాదు బాబూ. ఇది మీది కాదు. బయటికొచ్చీండి."

తువ్వాలు పట్టుకుని గుడిసెలకి వెళ్లాడు. ఎల్లారావు పక్కింటి పోతమ్మ దాన్ని అందుకుంది. ఆయన రోజూ వచ్చి అలా ఎందుకు అడిగేవాడని తలొంచుకుని అడిగాడు.

"ఇదివరకోసారి గేసొచ్చినప్పుడు, ఉత్తుత్తినే మోగిత్తన్నారనుకుని ఆయన పెళ్లాం, కూతురు ఇంట్లోనే ఉండిపోనారు బాబూ. అప్పట్నుంచీ ఎప్పుడు మోగినా మమ్మల్నందర్నీ ముందు రోడ్డెక్కించీవోడు. అప్పుడు మీ కాడికొచ్చి అడిగి, పాటేనంట, ఎనక్కి రండని సెప్పీవోడు."

"మరి ఆపమని నాతో ఒక్కసారీ అనలేదేం?"

పోతమ్మ తువ్వాలు మడతపెట్టి ఒళ్లో పెట్టుకుంది.

"నాను అడుగుతానంటే ఆయనే ఒద్దన్నాడు. 'ఆ బాబు పాట కట్టుకుంతన్నాడు, మనమే పరిగెడదాంలే' అన్నాడు."