ఆ కెటిల్ దించండి

మా ఒహాయో క్వేకర్ క్రైస్తవుల ప్రార్థనలో పాటలుండవు, ప్రసంగం ఉండదు. గంటసేపు మౌనంగా కూర్చుంటాం. దేవుడు ప్రేరేపిస్తే ఎవరైనా లేచి ఒక మాట చెబుతారు.

ఈ ఆదివారం మా అక్క కొడుకు కేలెబ్ లేచాడు. ఇరవై ఒక్కేళ్లవాడు. వారం మొత్తంలో చెవులకు హెడ్‌ఫోన్లు లేకుండా ఉండేది ఈ ఒక్క గంటే.

"దయచేసి ఎవరైనా పొయ్యి మీంచి ఆ కెటిల్ దించండి" అని కూర్చున్నాడు.

అందరం కళ్లు మూసుకుని ఆ మాటనే ధ్యానించాం. నాలో మరుగుతున్న పాత కోపం ఒకటి వెతికి, నేనూ దించుకున్నాను.

బయటికొచ్చాక, "ఎంత మంచి మాట చెప్పావురా!" అన్నాను.

"మంచి మాటేంటి పిన్నీ? గంట నుంచీ వంటగదిలో కెటిల్ ఈల వేస్తుంటే మీరంతా బొమ్మల్లా కూర్చున్నారు!"

నవ్వాను. "వంటగదికి నిన్నటి నుంచీ తాళం వేసుందిరా."

"మరి ఆ ఈల? ఇంట్లో మా ఫ్రిజ్ కూడా అచ్చం అలాగే కూస్తుంది. అది వినపడకూడదనే కదా పాటలు గట్టిగా పెట్టుకునేది!"

నా నవ్వు ఆగిపోయింది. వాణ్ణి రోడ్డు దాటించి మొక్కజొన్న చేను పక్కన నిలబెట్టాను. "ఇక్కడ ఫ్రిజ్ లేదు, కెటిల్ లేదు. విను."

వాడు కళ్లు మూసుకున్నాడు. చాలాసేపటికి, "ఇక్కడా ఉంది పిన్నీ" అన్నాడు.

అలవాటుగా వాడి చెయ్యి మెడలోని హెడ్‌ఫోన్ల మీదికి వెళ్లి, అక్కడే ఆగిపోయింది.

"చెవుల డాక్టరు దగ్గరికి నువ్వు కూడా వస్తావా?"