గట్టు మీద నల్లగింజలు

తొలకరి పడితే చాలు, వజ్రకరూరు చుట్టుపక్కల ఎవరూ తలెత్తి నడవరు.

వాన కడిగిన నేల మీద ఎక్కడ వజ్రం తళుక్కుమంటుందోనని అందరి చూపులూ కిందికే.

ఆ ఉదయం తిప్పమ్మ చేనిగట్టు మీద ఒక ముసలావిడ వంగి కనిపించింది. నొసట పచ్చబొట్టు, నడుముకు చిన్న సంచి. ఈ ఊరి మనిషి కాదు.

తిప్పమ్మకు ఒళ్ళు మండింది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు అది. సర్కారు కరువు పనిలో రోడ్డు వేయడానికి పోయిన మొగుడు ఓబన్న, ఎండదెబ్బ తిని మంచాన పడ్డాడు. నాలుగు రోజులుగా ఏది తాగించినా కక్కేస్తున్నాడు. రాత్రి వాన పడింది కదా, ఒక్క రాయి దొరికినా గుంతకల్లు ఆసుపత్రికి తీసుకుపోవచ్చని ఆశపడి పరుగెత్తుకొచ్చింది. తీరా చూస్తే తనకంటే ముందు ఇంకొకతె!

"ఏమవ్వా! మా చేన్లో ఏమి ఏరుతాండావు?"

ముసలావిడ తలెత్తింది. "ఏరడంల్యా అమ్మీ."

"మరి వంగి దండం పెడతాండావా? ఇట్లా తే సంచి!"

తిప్పమ్మ సంచి లాక్కుని అరచేతిలో గుమ్మరించింది. ఆవాలకన్నా చిన్నవి, నల్లటి గింజలు. వేలితో కెలికింది. రాయి లేదు.

అంతటితో ఊరుకుందా? కొంగు విప్పించింది. కుచ్చిళ్ళు దులిపించింది. నాలుక కింద దాచిందేమోనని నోరు తెరవమంది.

ఆవిడ నోరు కూడా తెరిచింది.

"ఏం గింజలివి?"

"సబ్జా గింజలు. గుంతకల్లు టేషన్ కాడ షర్బతులో ఏస్తారు చూడు, అవే. ఎండ తగిలినోళ్ళకు చలవ."

ఎండ అనే మాట చెవిన పడగానే తిప్పమ్మకు ఏడుపు ఆగలేదు. వాంతుల సంగతి, నాలుగు రోజుల సంగతి, అంతా ఆ ముక్కూముఖం తెలియని మనిషి ముందు వెళ్ళబోసుకుంది.

ముసలావిడ ముఖం మారిపోయింది. తిప్పమ్మ చెయ్యి పట్టుకుంది.

"నాలుగు దినాలా? నడువు. బిరీన ఇల్లు చూపించు!"

ఇంటికి రాగానే చెంబెడు నీళ్ళలో చిటికెడు గింజలు వేసింది. కాసేపటికి తిప్పమ్మ తొంగి చూసి అదిరిపడింది. ప్రతి గింజ చుట్టూ తెల్లటి జిగురు ఉబ్బి, నీళ్ళలో అటూ ఇటూ జారుతోంది.

"అయ్యో, ఇవి కప్పగుడ్లు! మా ఆయనకు కప్పగుడ్లు తాపిస్తావా?"

ముసలావిడ అప్పుడు నవ్వింది. చెంబెత్తి తానే ఒక గుక్క తాగింది.

"చూడు. నా కడుపులో కప్పలేమన్నా అరుస్తాండాయా?"

పల్చటి మజ్జిగలో ఉప్పు వేసి, ఉబ్బిన గింజలు కలిపింది. చిన్న గరిటె తిప్పమ్మ చేతికిచ్చింది.

"ఒక్కతూరి పొయ్యొద్దు. రవ్వంత పోసి ఆగు. మింగినాక మళ్ళా రవ్వంత."

తిప్పమ్మ ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో కక్కితే పట్టడానికి మట్టిచట్టి పెట్టుకుని కూర్చుంది.

మొదటి గుక్క నిలిచింది. రెండోదీ నిలిచింది.

మధ్యాహ్నానికి చట్టి తీసి అవతల పెట్టేసింది.

పొద్దువాలే వేళకు ఓబన్న కళ్ళు తెరిచాడు. "ఏమే, సంగటి చేసినావా?"

తిప్పమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఏడుస్తూనే నవ్వింది.

"సంగటి రేపు. ఈ పొద్దుకు అంబలే," అంది ముసలావిడ. "అంబలిలో చిటికెడు, మజ్జిగలో చిటికెడు, బెల్లంనీళ్ళలో నిమ్మకాయ పిండుకుని చిటికెడు. ఎండాకాలమంతా ఇంటిల్లిపాదీ తాగండి. బొరుగులు తిన్నట్టు ఎండు గింజలు మాత్రం నోట్లో ఏసుకోవద్దండి. గొంతులో ఉబ్బి అడ్డం పడతాయి."

తిప్పమ్మ తల వంచుకుంది. "అవ్వా, పొద్దున నేను నిన్ను..."

"ఉండనీలే అమ్మీ. చేను నీది. చూసుకోవద్దా?"

ఆవిడకు ఇంత వేడి అన్నం పెట్టాలని తిప్పమ్మ పొయ్యి దగ్గరికి పోయింది. వచ్చేసరికి మనిషి లేదు. గింజల సంచి మాత్రం చెంబు పక్కన ఉంది.

పేరైనా అడగలేదే అని నొచ్చుకుంది.

నెలన్నర తర్వాత ఓబన్న తన కాళ్ళ మీద తాను చేనికి నడిచాడు. వెనకే తిప్పమ్మ, అంబలిముంతతో.

గట్టు పొడవునా, సాలు పట్టి వేసినట్టు పచ్చటి మొక్కలు. ఆకు నలిపితే తులసిలా ఘాటైన వాసన.

తిప్పమ్మ ఉన్నచోటే నిలబడిపోయింది. ఆవిడ నిజంగానే ఏమీ ఏరలేదు. విత్తింది. అలాంటి మనిషిని తాను నోరు తెరిపించి వెతికింది.

పక్కచేని పెద్దాయన హనుమంతప్ప వచ్చి మొక్కల వైపు చూశాడు.

"ఎవరేసినారు ఇవి?"

"ఎవరో అవ్వ, మామా. పేరు తెలీదు. నొసట పచ్చబొట్టు ఉండాది."

హనుమంతప్ప గట్టు మీద కూలబడ్డాడు.

"నల్లమ్మ వచ్చిందా? మీ మామ ఈ చేను ఎవరి కాడ కొన్నాడనుకున్నావు తిప్పమ్మా? ఆయమ్మ కాడనే! ఇదే గట్టు మీద ఆయమ్మ మొగుడు ఎండకు పడిపోయినాడు. ఏది తాపినా కక్కి కక్కి పానం ఇడిసినాడు. ఈ గింజల సంగతి ఎవరో వచ్చి చెప్పేసరికి ఐదో దినమైపోయింది."