పిట్ట ముట్టని బువ్వ

విస్తరి పెట్టి గంట దాటింది. కాకి రాలేదు.

"బూడిద కాడ పెడితే ముట్టలే. ఈడ పెడితే ముడతదంటివి. ఈడ గూడ ముట్టకపాయె," అన్నాడు మల్లేశ్ చిరాగ్గా.

"ప్రాణం పోయిన కాడ పెట్టాలన్న. ముడతదని కాయిదం రాసిచ్చిన్నా?" అన్నాడు కులపెద్ద గట్టయ్య తాత.

మల్లేశ్ అన్న గోపయ్య పోయి ఇవాళ్టికి మూడో రోజు. పిట్టకు పెట్టే రోజు. పిట్ట ముట్టకపోతే పోయినవాడి మనసులో కోరికేదో మిగిలినట్టే, ఆకలితో ఇక్కడిక్కడే తిరుగుతున్నట్టే. గోపయ్య ప్రాణం పోయింది చిట్యాల దాటాక ఈ హైవే అంచునే. అందుకే మోదుగాకు విస్తరి ఇక్కడికి తెచ్చి బువ్వ, మాంసం కూర వడ్డించి, పక్కన కల్లు ముంత, బీడీ కట్ట పెట్టారు. లారీ పోయినప్పుడల్లా విస్తరి లేచిపోబోతుంటే అంచుల మీద రాళ్లు పెట్టారు. బువ్వ మీద అప్పుడే దుమ్ము పేరుకుంది.

కాకి లేక కాదు. రోడ్డుకు అవతల, విజయవాడ ఎంత దూరమో చెప్పే పచ్చ బోర్డు మీద కూర్చుని ఇటే చూస్తోంది. గోపయ్య గొర్ల మంద ఉండేది ఆ పక్కనే. ఇల్లు ఈ పక్క. నడుమ రోడ్డు.

గోపయ్య భార్య లక్ష్మీనర్సమ్మ, రోజూ అతని రాక కోసం కూర్చునే కిలోమీటరు రాయి మీదే కూర్చుంది.

మల్లేశ్ రోడ్డు వైపు తిరిగి చేతులు జోడించాడు. "అన్నా! నీ బిడ్డ మల్లికను నేను చదివిస్త. నీ గొర్లను ఒక్కదాన్ని గూడ అమ్మ. రా అన్నా!"

కాకి మెడ తిప్పింది. కదల్లేదు.

"చెలకల బోరేపిస్త! ఇంటి ముందట రేకులేపిస్త!"

కాకి ముక్కును బోర్డుకేసి రాసుకుంది.

"ఎలచ్చన్ల నిలవడ్డోని తీర్గ మాటలిస్తే కాకి నమ్ముతదారా?" అన్నాడు తాత.

"పోనీ, విస్తరి అవతలికి తీస్కపోదమా?"

"తీస్కపోయెటోనికి గూడ మల్ల మూడొద్దులు చెయ్యాలె. కూసో."

రెండు బస్సులు ఒకదాన్నొకటి తరుముకుంటూ పోయాయి. తాత వాటి వెనక తుపుక్కున ఉమ్మేశాడు. "నా చిన్నతనంల గీ తొవ్వ మీద మంద పండుకుంటే బస్సోడే దిగొచ్చి బతిలాడెటోడు. రెండు లైన్లాయె, నాలుగాయె, రేపు ఆరంట. రోడ్డు పెరిగినకొద్ది మనిషి దాటెతందుకు జాగ లేకుంటాయె."

"ఎంత పెరిగినా అన్నకు గీ రోడ్డు కొత్త గాదు తాతా. ముప్పై ఏండ్ల సంది దాటుతుండు. అర్ధగంటైనా నిలవడి, సందు దొరికినంకనే అడుగేసెటోడు. గా దినం ఎందుకు ఉరికిండో ఎంత ఆలోచన జేసినా సమజైతలేదు."

లక్ష్మీనర్సమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ మాట మూడు రోజుల నుంచి వచ్చినవాళ్లంతా అంటున్నారు. విన్నప్పుడల్లా ఆమెకు నేల చీలితే బాగుండుననిపిస్తోంది.

తాత ఆమె వైపు తిరిగాడు. "నర్సమ్మా, నువ్వు పిలువు బిడ్డా. ఎవ్వరి మాట వినకున్నా ఆలి పిలిస్తే వస్తడు."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"పిలువు వదినె," అన్నాడు మల్లేశ్.

"నాతోని కాదు."

"గా దినం ఏమన్న కొట్లాడుకున్నరా?"

"లే."

"మరేంది?"

వెంట వచ్చిన ఆడవాళ్లు చెవులు కొరుక్కున్నారు. మొగుడు ఆకలితో తిరుగుతుంటే ఒక్క మాటకు ఇంత బిగువా అని ఒకామె పైకే అనేసింది. లక్ష్మీనర్సమ్మ ఆ మాటా మింగింది.

మల్లిక వచ్చి తల్లి మోకాళ్ల దగ్గర కూలబడింది. "అమ్మా, బాపు తినకుంట పోయిండే. ఒక్కపారి పిలువే. నీ కాల్మొక్త."

ఇక ఆ తల్లి వల్ల కాలేదు. లేచి నిలబడింది. బోర్డు వైపు తిరిగింది.

"ఓ మల్లిక బాపూ..."

అంతే. ఆ రెండు మాటలకే కాకి రెక్కలు విప్పింది. బోర్డు మీంచి దిగి, రోడ్డు మీద బాగా కిందుగా, నేరుగా విస్తరి వైపే ఎగిరి రాసాగింది.

"అచ్చిండు! మా అన్న అచ్చిండు!" మల్లేశ్ ఏడుస్తూ సాగిలపడ్డాడు. అందరూ చేతులు జోడించారు.

కాకి రోడ్డు నడుమ డివైడర్ గడ్డ దాటింది. అదే సమయానికి నార్కట్‌పల్లి వైపు నుంచి కంటెయినర్ లారీ ఒకటి హారన్ కొడుతూ దూసుకొస్తోంది. అది చూసింది లక్ష్మీనర్సమ్మ ఒక్కతే.

"రాకు! రాకూ! ఆడనే ఉండు! లారీ వస్తాంది!"

రెండు చేతులూ ఊపుతూ, గొంతు చించుకుంటూ రోడ్డు అంచుకు ఉరికింది. మల్లేశ్ లేచి ఆమె చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. కాకి బెదిరింది. గాల్లోనే గిర్రున తిరిగి, వచ్చిన దారినే వెళ్లి, బోర్డు దాటి, మంద ఉండే కంచె వైపు ఎగిరిపోయింది. మళ్లీ కనపడలేదు. లారీ పోయిన గాలికి విస్తరి బోర్లపడి బువ్వంతా మట్టిపాలైంది.

"ఎంత పని చేస్తివే!" తాత కర్ర నేలకేసి కొట్టాడు. "నోటికాడికొచ్చిన పిట్టను ఎల్లగొడితివి! ఇగ వాడు జన్మల రాడు!"

"రావద్దు తాతా," అంది లక్ష్మీనర్సమ్మ, మట్టిలోని మెతుకుల వంక చూస్తూ. "మొన్న బువ్వ సల్లారుతాంది, జల్ది రమ్మని గీ రాయి మీద కూసోని పిలిచింది నేనే."