పాత డ్రైవర్‌కి వీడ్కోలు

కంప్యూటర్‌లో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషిన్లని నెట్‌కి కలిపే పాత డ్రైవర్‌ని ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయైన కెర్నెల్‌లోంచి తీసేద్దామని ఎన్నాళ్లుగానో పోరు పెడుతున్నది నేనే. ఇవాళ వీడియో మీటింగ్‌లో మా మేడమ్ మెత్తబడ్డారు.

"ఇంకా ఎవరైనా వాడుతున్నారేమో చూశారా?"

"టీమ్‌లో అందరి మెషిన్లూ జల్లెడ పట్టాను మేడమ్. ఇంకా దాన్ని వాడేవాడంటూ ఉంటే, వాణ్ణి మ్యూజియంలో పెట్టాలి."

అందరూ పగలబడి నవ్వారు. జనం నవ్వితే నాకు ఒళ్లు తెలీదు. "తీసేసినా చీమ కుట్టినట్టయినా ఉండదు, చూడండి!" అంటూ, మీటింగ్ నడుస్తున్న నా వర్చువల్ మెషిన్‌లోంచే దాన్ని పీకేశాను.

తెర మీద మేడమ్ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. తక్కినవాళ్లలోనూ కదలిక లేదు. నా దెబ్బకి అందరికీ మాట పడిపోయిందనుకుని కాలర్ ఎగరేశాను.

ఫోన్ మోగింది. మేడమ్.

"హలో, మ్యూజియమేనా అండీ?"