పై గది కిటికీ

లొరెయిన్ భర్త రోలాండ్ పోయిన రోజు, పై గదిలో మూసి ఉన్న కిటికీ దగ్గర తెర కదులుతూనే ఉంది.

ఎప్పుడో మిల్లు కూలీల కోసం కట్టిన ఇల్లు అది. హీటర్‌లో ఎంత చమురు పోసినా వెచ్చదనమంతా సందుల్లోంచి పోయేది.

ఇప్పుడా గదిలో కూతురు నొయెలా పడుకుంటోంది. దానికీ తండ్రిలాగే బలహీనమైన ఊపిరితిత్తులు. నాన్న గది వదలనంటుంది.

ఆకులు రాలే వేళకి లొరెయిన్ చర్చి హాలుకు కబురు పంపింది. అక్కడ ఊరివాళ్లే కూడి, పాత కిటికీలకు లోపలివైపు బిగించే చట్రాలు చేస్తారు. కర్రకు ప్లాస్టిక్ పొర సాగదీసి అంటిస్తారు. చట్రాలు తీసుకున్నవాళ్లు ఒక పూట ఇంకొకరి చట్రాలకు పని చేయాలి.

కొలతలకు ఎమిల్ అనే ముసలాయన వచ్చాడు. కింది కిటికీలు చకచకా కొలిచాడు. పై గదిలో మాత్రం కిటికీ మీద చెయ్యి వేసి నిలబడిపోయాడు.

"ఇక్కడ ఎవరు పడుకుంటారు, మేడం?"

పాత ఇళ్లు చవగ్గా కొట్టేయాలని తిరిగేవాళ్లు ఆ వీధిలో ఎక్కువయ్యారు. లొరెయిన్‌కు ఒళ్లు మండింది.

"కొలవడానికొచ్చారా, కొనడానికా?"

ఆయన నొచ్చుకోలేదు. కిటికీ ఒక పక్కకు ఒరిగిందని, మూల నుంచి మూలకూ కొలవాలని, ఈ మసక వెలుతురు తన కళ్లకు చాలడం లేదని, రేపు పగలు వస్తానని చెప్పాడు.

"అక్కర్లేదు. అన్నిటికీ ఎలా చేస్తారో దీనికీ అలాగే చేయండి."

అయినా మర్నాడు వచ్చాడు. లొరెయిన్ తెర చాటునుంచి చూసి తలుపు తీయలేదు. ఆయన మెట్ల మీద కాసేపు నిలబడి, తలెత్తి పై కిటికీని చూసి వెళ్లిపోయాడు.

చట్రాలు వచ్చాయి. అన్నీ కుదిరాయి. పై గదిది మాత్రం ఒక మూల వేలెడు సందు వదిలింది. లొరెయిన్ ఆ సందులో రోలాండ్ మఫ్లర్ కుక్కింది. తెర మళ్లీ కదిలింది. పిల్లకు దగ్గు మొదలైంది.

ముసలాయన్ని దులిపేద్దామని హాలుకు వెళ్లింది. బల్లలు మడిచేస్తున్నారు. చట్రాల పని మళ్లీ వచ్చే ఏడాదేనని అక్కడి పనులు చూసే జనీన్ చెప్పింది.

"ఎమిల్ ఏడి? తప్పు కొలతలిచ్చి తప్పించుకున్నాడా?"

"ఆదివారం పోయాడు. గుండె."

లొరెయిన్ బల్ల ముందు నుంచి పక్కకు జరిగింది.

"మీ ఇంటికి ఇంకెవర్నీ పంపొద్దన్నాడు, మళ్లీ తనే వెళ్తానని," అంది జనీన్, బల్ల తుడుస్తూ. "అసలీ పని మొదలెట్టిందే ఆయన. చిన్నప్పుడు వాళ్లు మీ ఇంట్లోనే ఉండేవాళ్లు. వాళ్ల చెల్లెలు చలికి పోయింది మీ పై గదిలోనేగా."

బయట మంచు మొదలైంది.

ఆ కిటికీని మూల నుంచి మూలకు ఇంకా ఎవరూ కొలవలేదు.